ముల్లుగర్ర లేని సాధన

(నరసరావుపేటలో పూర్వ విద్యార్థులు ఏర్పాటు చేసిన సభలో ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



బండలాగుడు పోటీకి ఒంగోలు గిత్తల్ని తయారుచేసే రైతు దగ్గర కొన్నాళ్లు కూర్చుంటే వ్యాయామ శాస్త్రంలో సగం పుస్తకం చదివినట్టే. ఇది మన ప్రాంతం మీద అభిమానంతో చెబుతున్న మాట కాదు. తిరునాళ్లకీ, సంక్రాంతికీ, ఉగాదికీ పల్నాట జరిగే ఈ పోటీల్లో ఎద్దుల్ని పళ్లను బట్టి విడదీస్తారు. పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆ పైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. పాలపళ్ల గిత్తకు సీనియర్ల బండ కట్టకూడదని ఇక్కడ ఏ రైతుకూ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రైతు తేలిక బండతో మొదలుపెట్టి, ఎద్దు ఊపిరినీ నడకనూ చూసుకుంటూ బరువు పెంచుతాడు. శాస్త్రం దీన్ని ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ అంటుంది. అలవాటైన బరువుకు కండరం మారదు. దానికి కాస్త మించిన బరువు పడితేనే తనను తాను మార్చుకుంటుంది. ఆ మార్పు బరువు లాగుతున్నప్పుడు రాదు, తర్వాత విశ్రాంతిలో వస్తుంది. పోటీ దగ్గరపడ్డాక చాలామంది బండ కట్టడం తగ్గించి, మేతా మాలీషూ చూసుకోవడానికి కారణం అదే. దాన్ని రికవరీ అంటారు. బండ లాగాల్సిన ఎద్దును బండతోనే తయారుచేయాలి, పరుగు నేర్పితే చాలదు: ఇది స్పెసిఫిసిటీ. ఒక సీజను కొట్టంలోనే కట్టేస్తే నిరుటి సత్తువ నిలవదు: ఇది రివర్సిబిలిటీ. నాలుగు పెద్ద మాటలూ మన పశువుల కొట్టంలోనే ఉన్నాయి.

మనుషుల విషయంలో ఈ మాత్రం స్పష్టత రావడానికి రెండో ప్రపంచ యుద్ధం కావలసి వచ్చింది. షికాగోలోని గార్డినర్ సైనిక ఆసుపత్రిలో థామస్ డెలార్మ్ అనే యువ వైద్యుడు మోకాళ్లు దెబ్బతిన్న సైనికుల చేత బరువులెత్తించాడు. అప్పటివరకు అలాంటివాళ్లకు తేలికపాటి కదలికల్ని ఎక్కువసార్లు చేయించడమే పద్ధతి. డెలార్మ్ బరువును కొలిచి, పదేసి సార్లు ఎత్తించి, వారం వారం పెంచాడు. కండరం తిరిగొచ్చింది. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ రోజు ఏ ఊరి జిమ్ముకు వెళ్లినా ‘పది చొప్పున మూడు సెట్లు’ అనే మాట వినపడుతుంది. దాని వెనక ఆ ఆసుపత్రి వార్డు ఉంది.

సరే, గిత్తకు ఉలవలు కొలిచి పెట్టే ఆ రైతు సొంత సంగతేమిటి? గిత్తకు బరువెంతో, విశ్రాంతి ఎంతో తెలిసిన మనిషికి తన బీపీ ఎంతో తెలియదు. మోకాలు పట్టేస్తే సూది మందు. షుగరుకు మాత్ర. ఇన్నాళ్లూ నేను దీన్ని అజ్ఞానం అనుకునేవాళ్లతో వాదిస్తూ వచ్చాను, ఎందుకంటే ఆయనకు తెలియని శాస్త్రం లేదు. తేడా వేరే చోట ఉంది. ఎద్దుకు చెర్నాకోల ఉంది, ముల్లుగర్ర ఉంది, లాగించేవాడు వేరే ఉన్నాడు. మనిషి తనను తాను లాగుకోవాలి. సాధన ఎలా చేయాలన్నది కొట్టంలో నేర్చుకోవచ్చు. ఎందుకు చేస్తాం, ఎందుకు మానేస్తాం అన్నది అక్కడ దొరకదు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండోదాని గురించే.

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతున్నదో ఆయన పేరు ఆహ్వానపత్రం మీద ఉంది. ఆ పేరుతో ఆయన్ను పిలిచినవాళ్లు ఈ హాల్లో ఒక్కరూ ఉండరు. డ్రిల్లు మేస్టారు, అంతే. ఆ తరం డ్రిల్లు మేస్టార్లకు ఒక వంశవృక్షం ఉంది. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు మన జట్టును తీసుకెళ్లినవాడూ ఆయనే. దక్షిణాది పాఠశాలలకు ఈల, ఆటల పీరియడు, గీతలు గీసిన మైదానం అలవాటైంది ఎక్కువగా ఆ కళాశాల ప్రభావంతోనే. అంతకుముందు మనకు కసరత్తులు లేవని కాదు. తాలింఖానాలు, సాముగరిడీలు, దండేలు, బస్కీలు ఉండేవి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కూడా సర్కసు పెట్టకముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడే.

మా మేస్టారికి రెండు ముఖాలు. ఉదయం ఈల. వరస తప్పితే గుంజీలు, ఆలస్యమైతే మైదానం చుట్టూ పరుగు. సాయంత్రం ఈల జేబులో పెట్టుకుని, చెడుగుడు బరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. జట్లు మేమే పంచుకునేవాళ్లం, తగాదాలు మేమే తీర్చుకునేవాళ్లం. ఆయన మీద ఎంత గౌరవమున్నా ఒక మాట చెప్పక తప్పదు. ఉదయం క్లాసు మాలో చాలామందికి పరుగంటే శిక్ష అని నేర్పింది. శిక్షాకాలం పూర్తయిన రోజే పరుగు మానేశాం. సాయంత్రం బరి మాత్రం చదువులు ముగిసిన తర్వాత కూడా మమ్మల్ని ఆదివారాలు వెనక్కి రప్పించింది.

దీనికి ప్రయోగశాల సాక్ష్యం ఉంది. 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విద్యార్థులకు చెక్కముక్కల చిక్కుప్రశ్నలు ఇచ్చాడు. కొందరికి పరిష్కరించినందుకు డబ్బులిచ్చాడు, కొందరికి ఇవ్వలేదు. డబ్బులు ఆపేశాక, ఖాళీగా వదిలేసిన సమయంలో ఎవరు ఆ ముక్కల్ని ముట్టుకుంటారో గమనించాడు. డబ్బు తీసుకున్నవాళ్లకు ఆసక్తి తగ్గింది. తర్వాత డెసీ, రిచర్డ్ రయాన్ కలిసి నిర్మించిన సిద్ధాంతంలో మూడు అవసరాలు ముఖ్యం. ఇది నా ఇష్టంతో చేస్తున్నానన్న భావం, నాకు చేతనవుతోందన్న భావం, నావాళ్ల మధ్య చేస్తున్నానన్న భావం. మేస్టారి చెడుగుడు బరిలో ఈ మూడూ ఉన్నాయి. ఉదయం వరసలో ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక పేచీ వస్తుంది, రావాలి కూడా. ‘మాకు కసరత్తు దేనికి? పొలం పనే కసరత్తు’ అని పల్నాట ఎవరైనా అంటారు. దీనికి తొందరపడి జవాబు చెప్పకూడదు.

1985లో కాస్పర్సన్, పవెల్, క్రిస్టెన్సన్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు మూడు సంగతుల్ని విడదీశారు. కండరాలు కదిలి శక్తి ఖర్చయ్యే ఏ పనైనా శారీరక చలనం: బట్టలుతకడం, కోడిని తరమడం అన్నీ. అందులో ఒక లక్ష్యంతో, ఒక పద్ధతిలో, పదే పదే చేసేది వ్యాయామం. వీటివల్ల ఒంటికి వచ్చిన సత్తువ దారుఢ్యం. పొలం పని మొదటిది. అది రెండోదవుతుందా, మూడోదాన్ని ఇస్తుందా అన్నది చేసేది ఏ పని, ఎంతసేపు, ఎవరి అదుపులో అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పని మంచిదే అన్నదానికి మొదటి పెద్ద సాక్ష్యం లండన్ బస్సుల్లో దొరికింది. జెరెమీ మోరిస్ 1953లో లాన్సెట్‌లో అచ్చువేసిన అధ్యయనం ప్రకారం, రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే కూర్చుని నడిపే డ్రైవర్లకు గుండెజబ్బు ఎక్కువ. ఈ కథ ఇంతవరకే చాలామంది చెబుతారు. నాకు ఇష్టమైన భాగం తర్వాతిది. మోరిస్ తన ఫలితాన్ని తానే అనుమానించాడు. వాళ్లకిచ్చిన యూనిఫాం ప్యాంట్ల కొలతలు తీయించాడు. ఉద్యోగంలో చేరేనాటికే డ్రైవర్ల నడుము కొలత ఎక్కువ! అంటే తేడా మొత్తం మెట్లవల్ల వచ్చింది కాదు. అందుకే ఆయన తర్వాత గుమాస్తా ఉద్యోగుల దగ్గరకు వెళ్లి, అందరూ ఒకేలా కూర్చునే కొలువులో తీరిక వేళల్లో ఎవరేం చేస్తున్నారో అడిగాడు. అక్కడ కూడా ఒళ్లు వంచినవాళ్ల గుండే బాగుంది. మన పల్లెవెలుగు బస్సుకు రెండో అంతస్తు లేదు, కండక్టరుకు సీటుంది. మన లెక్క మనం వేరే తీసుకోవాల్సిందే.

ఇక మన చేలకు వద్దాం. మిరపకోతల రోజుల్లో ఆడవాళ్లు తెల్లవారకముందే ఆటో ఎక్కుతారు. సాయంత్రం దాకా వంగి, ఎండలో, ఘాటులో. కాయలు కల్లానికి చేరి, ఎండి, టిక్కీలకు, అంటే బస్తాలకు, ఎక్కాక, ఒక్కోటి 40 కిలోల పైచిలుకుండే వాటిని ముఠా కూలీలు వీపున మోస్తారు. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర ఇంకో రకం మోత. వీళ్లందరిదీ శ్రమే. ఈ శ్రమ గుండెకు మేలు చేస్తోందా?

డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్, ఆయన సహచరులు ఈ ప్రశ్న వేసి, తీరిక వేళ కదలికకూ కూలి పని కదలికకూ ఆరోగ్యంలో ఒకే ఫలితం రావడం లేదని చూపించారు. వాళ్లు చెప్పిన కారణాలు మన కూలీలకు అతికినట్టు సరిపోతాయి. పని గంటల తరబడి సాగుతుంది కాబట్టి గుండెకు పదును పెట్టేంత తీవ్రత దానిలో ఉండదు, కానీ రక్తపోటును రోజంతా పైనే ఉంచుతుంది. ఒకే భంగిమ, బరువులు. తేరుకునే వ్యవధి లేదు. వేగం తన చేతిలో లేదు. బండ లాగే ఎద్దుకిచ్చే విశ్రాంతి మిరపకోతకెళ్లే మనిషికి దొరకడం లేదని దీని అర్థం. ఈ వాక్యం రాసుకున్నప్పుడు కటువుగా అనిపించింది, తీసేయబుద్ధి కాలేదు.

అందువల్ల కోతకు వెళ్లొచ్చిన ఆమెతో ‘రోజూ అరగంట నడవమ్మా’ అనడం అవివేకం. ఆమెకు కావలసింది నీడ, నీళ్లు, నడుము నిటారుగా పెట్టుకునే విరామం, కోతలు లేని నెలల్లో వీపుకూ తుంటికీ బలమిచ్చే నాలుగు కదలికలు. అదే చేను యజమాని సంగతి వేరు. ట్రాక్టరొచ్చింది, గట్టు దాకా బైకొచ్చింది, మోటారు ఇంటి దగ్గర నుంచే సెల్‌ఫోన్‌తో ఆన్ అవుతోంది, మందు డ్రోను కొడుతోంది. ఒళ్లు చేసే పని గుమాస్తాది, తినే అన్నం మాత్రం తాతగారు అరక దున్నినప్పటిది. దేశం మొత్తం మీద 2022లో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది, ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం, చాలినంత కదలడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి పరిశోధకులు చేసిన అంచనా 2024లో వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పినదాని ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. ఇవి పట్నం జబ్బులని ఇంకా అనుకునేవాళ్లు ఈ ఊరి ప్రకాశ్‌నగర్‌లో ఏ ల్యాబు ముందైనా ఉదయం 7 గంటలకు నిలబడి, పరగడుపున వచ్చినవాళ్లు ఏ ఊళ్ల నుంచి దిగుతున్నారో చూస్తే చాలు.

చాలినంత అంటే ఎంత? 2020 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ తీవ్రతతో, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి తీవ్రతతో. దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. తీవ్రత కొలవడానికి శాస్త్రజ్ఞులకు మెట్ అనే కొలత ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తి ఒక మెట్. 3 నుంచి 6 దాకా మధ్యస్థం. ఆ పైన గట్టిది. స్వీడన్‌కు చెందిన గున్నర్ బోర్గ్ మరో దారి పట్టాడు. ఎంత కష్టంగా ఉందో చేసేవాడినే 6 నుంచి 20 లోపు అంకె చెప్పమన్నాడు. ఆ అంకెకు పక్కన సున్నా పెడితే గుండె వేగం ఇంచుమించు తెలుస్తుంది. ఒంట్లో మాట ఒంటిని అడిగి తెలుసుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

మనకు ఇంకా సులువైన పరికరం కోటప్పకొండ. ఘాట్ రోడ్డు వదిలేసి మెట్ల దారిన ఎక్కండి. పక్కవాళ్లతో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేకపోతుంటే అది మధ్యస్థం. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే గట్టిది. ఛాతీలో బరువుగా, నొప్పిగా అనిపిస్తే ఆగిపోవాలి, మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు.

బలం సంగతి మనవాళ్లు కుర్రాళ్లకు వదిలేశారు. బలం ఎక్కువ అవసరమయ్యేది ముసలివాళ్లకు. వయసుతో కండ కరిగిపోవడాన్ని 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ సార్కోపీనియా అన్నాడు. నేల మీద నుంచి లేవలేకపోవడం, బాత్రూంలో జారిపడటం, తుంటి విరగడం వరసగా వచ్చేది చాలావరకు దాంతోనే. ‘ఈ వయసులో ఇంకేం బలం’ అంటారా? 1990లో మరియా ఫియాటరోన్ బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించింది. వాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. ఎనభై దాటిన అవ్వ కుర్చీలోంచి చేతులు ఊనకుండా పదిసార్లు లేచి కూర్చుంటే అదే ఆమెకు బండ. ఆడవాళ్లు బరువులెత్తితే ఒళ్లు మొరటవుతుందన్న భయానికి జవాబు కరణం మల్లీశ్వరి ఎప్పుడో ఇచ్చింది. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. పక్క జిల్లా స్టూవర్టుపురం నుంచి రాగాల వెంకట రాహుల్ 2018 కామన్‌వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి బంగారం తెచ్చాడు. 

కోటప్పకొండ దగ్గరే కాసేపు ఆగుతాను. గొల్లభామ ఆనందవల్లి కథ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. రోజూ కొండెక్కి శివుణ్ణి సేవించింది. ఎవరూ పంపలేదు. గర్భవతయ్యాక ఎక్కలేకపోయి, నువ్వే దిగిరా అని అడిగింది. వెనక్కి తిరిగి చూడొద్దన్నాడు, చూసింది. భక్తులు ఈ కథను భక్తి కోసం చెప్పుకుంటారు, అది వాళ్ల హక్కు. వ్యాయామం చెప్పుకునేవాడిగా నేను ఆ అమ్మాయి ఎక్కడాన్ని చూస్తాను. రోజూ, తనకు తానుగా, తనకు విలువైనదాని కోసం. డెసీ, రయాన్‌లు గట్టి ప్రేరణ అన్నది ఇలాంటిదే. ఎక్కడం సుఖంగా ఉండనక్కర్లేదు, దాని వెనకున్న కారణం తనదై ఉండాలి. (గర్భిణుల విషయంలో ఒక మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. వైద్యులు వద్దనే కారణం లేకపోతే వాళ్లకూ వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం మంచిదనే ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొండలెక్కమని మాత్రం నేను చెప్పలేదు.)

మనం మాత్రం ప్రేరణను ఎప్పుడూ బయటి నుంచే తెస్తాం. చిన్నప్పుడు ఈల. పెద్దయ్యాక డాక్టరు బెదిరింపు. ఈమధ్య చేతి గడియారం చెప్పే 10,000 అడుగులు. ఆ అంకె వైద్యశాస్త్రంలో పుట్టింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోది. అంతకంటే తక్కువ నడిచినా మేలుంది. బయటి ప్రేరణ మొదలుపెట్టిస్తుంది, ఆ విషయం కాదనను. కొనసాగించడం దానికి చేతకాదు. బెదిరింపు భయం కొన్ని వారాలే ఉంటుంది. రిపోర్టు కాస్త బాగుపడగానే బూట్లు అటకెక్కుతాయి.

1977లో ఆల్బర్ట్ బాండురా చెప్పిన స్వయం సామర్థ్య విశ్వాసం, అంటే ‘ఈ పని నేను చేయగలను’ అనే నమ్మకం, ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ముఖ్యంగా తాను చేసి గెలిచిన చిన్న అనుభవాల నుంచి. ఆపైన తనలాంటివాళ్లు చేయగా చూడటం నుంచి. యాభై ఏళ్ల మాచర్ల గృహిణికి సినిమా నటి కసరత్తు వీడియో చూపిస్తే ఆ నమ్మకం రాదు. వీధి చివరింటి వదినగారు చీరకట్టుతోనే నడుస్తుంటే వస్తుంది. మన ఊళ్లలో ఆడవాళ్లు నడవకపోవడానికి బద్ధకం కారణమని తీర్పు చెప్పే మగవాళ్లు ఒకసారి ఆ దారిన చీకట్లో నడిచి రావాలి. దీపం లేని రోడ్డు, లారీలు, కుక్కలు, ‘ఏమ్మా, పొద్దున్నే ఎటు?’ అనే అరుగుమీది ప్రశ్న. సంకల్పం లేదనడం సులువు. నలుగురు కలిసి బయల్దేరితే అరుగుమీది ప్రశ్న ఆగిపోతుంది.

ప్రొచాస్కా, డిక్లెమెంటె అనే ఇద్దరు 1983లో పొగతాగడం మానేసేవాళ్లను గమనించి, అలవాటు మార్పులో దశలున్నాయన్నారు. ఆలోచనే లేని దశ, ఆలోచించే దశ, (తర్వాత చేర్చిన) సిద్ధపడే దశ, చేసే దశ, ఆరు నెలలు దాటి నిలుపుకునే దశ. దశలు ఇంత గీత గీసినట్టు ఉండవని తర్వాతివాళ్లు విమర్శించారు, ఆ విమర్శ సబబే. అయినా దానిలో ఒక ఉపయోగం ఉంది. మానేయడాన్ని వాళ్లు ఓటమిగా రాయలేదు. మళ్లీ మొదటికి వచ్చి తిరిగి బయల్దేరడం మామూలేనన్నారు. మిరపకోతల్లో మూడు నెలలు మానేసినవాళ్లు జూన్‌లో మళ్లీ మొదలుపెట్టొచ్చు. అప్పుడు కొత్తగా వచ్చిన గిత్తకు కట్టినట్టు తేలిక బండ కట్టుకోవాలి, నిరుటిది కాదు.

ఈ సభలో డాక్టర్లు చాలామందే కనిపిస్తున్నారు, కాబట్టి చివరి మాట వాళ్లకు. మీ చీటీల మీద మాత్రకు పేరుంటుంది, మోతాదుంటుంది, తిన్న ముందో తర్వాతో ఉంటుంది. దాని కింద ‘వాకింగ్ చేయాలి’ అని ఒక్క ముక్క ఉంటుంది. దానికీ మోతాదు రాయండి. షుగరు రోగి అయితే భోజనమయ్యాక పదిహేను నిమిషాలని రాయండి, ఎందుకంటే పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది, ఆ సంగతి రోగికీ చెప్పండి. చేసే పనేమిటో అడగండి. టిక్కీలు మోసే మనిషికి రాసేదీ కొట్లో కూర్చునే మనిషికి రాసేదీ ఒకటి కాకూడదు. ఎవరితో నడుస్తారో ఆ పేరు అడిగి రాయండి. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు నడకతోపాటు కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఎన్నిసార్లో రాయండి. మళ్లీ వచ్చినప్పుడు చేశారా లేదా అని మాత్రం అడగొద్దు, అది ఈల ఊదడమే. ఏ రోజు కుదరలేదు, ఎందుకు కుదరలేదు అని అడగండి. జవాబు విని చీటీ మార్చండి.